కేతవరం అక్షరవల

కేతవరం నగరానికి ఏరు లేదు, చెరువు లేదు. కోట గోడల లోపల ఉన్న ఏడు బావులే ఆ ఊరికి ప్రాణం. ఒక వేసవిలో ఆ బావులకే ఆపద వచ్చిపడింది.

ఎక్కడివాడో ఒక మాయావి నగరంలోకి వచ్చి, మొదటి బావి గట్టెక్కి తన పేరు బిగ్గరగా చెప్పి, చేతిలోని కమండలం వంచాడు. బావిలోని నీరంతా తాడులా పైకి లేచి కమండలంలోకి దూరిపోయింది. భటులు వచ్చేసరికి మనిషి మాయం. నెల తిరక్కుండా రెండో బావి, ఆ తరువాత మూడోది. వచ్చిన ప్రతిసారీ కొత్త వేషం, కొత్త పేరు. మణిధరుడు, మేఘచరుడు, మృదుకరుడు, మౌనిధరుడు, మధుకరుడు, మహీచరుడు. ఆరు పేర్లతో ఆరు బావులు ఎండిపోయాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క బావి.

అప్పుడు రాజుగారికి అక్షరవల గుర్తుకొచ్చింది. అది పూర్వీకుల నాటి మంత్రపు వల. తాటాకు మీద ఒక పేరు రాసి ఆ వలకు కట్టాలి. ఆ తరువాత కోట గోడల లోపల ఎవరి నోటి నుంచి ఆ పేరు వచ్చినా, ఆ పేరు గల మనిషిని వల లాగేసుకుంటుంది. అయితే దాని ఆయుష్షులో మూడు రాతలకే అది లొంగుతుంది. ఒకటి రాజుగారి ముత్తాత కాలంలోనే అయిపోయింది.

మాయావి చెప్పిన పేరు మళ్లీ చెప్పడు. మరి వల మీద ఏ పేరు రాయాలి? ఆస్థాన లేఖకుడు కొమ్మనను పిలిపించారు.

కొమ్మన బాగా ఆలోచించి చెప్పాడు. "ప్రభూ, వలకు అర్థమయ్యే గుర్తులు పూర్వం చాలా ఉండేవట. అవి రాసి ఉన్న ఆకుల్ని చెదలు తినేశాయి. నాకు తెలిసినవి రెండే. చుక్క పెడితే అక్కడ ఏదో ఒక అక్షరం ఉండవచ్చని అర్థం. దాని పక్కన పువ్వు పెడితే అలాంటి అక్షరాలు ఎన్నైనా ఉండవచ్చని అర్థం. ఆ మాయావి పేర్లన్నీ మ గుణింతంతో మొదలై డు తో ముగుస్తున్నాయి. మ రాస్తే వల దాని గుణింతమంతా పోల్చుకుంటుంది, కాబట్టి మ, చుక్క, పువ్వు, డు అని రాస్తే ఏ పేరుతో వచ్చినా చిక్కుతాడు."

సభలో అందరూ మెచ్చుకున్నారు. కొమ్మన రాసిన ఆకును ఉదయాన్నే వలకు కట్టి, వలను కోట వాకిట వేలాడదీశారు.

మధ్యాహ్నానికి కొమ్మన ఇంట్లోనే మొదటి గోల లేచింది. అతని తల్లి అన్నం ముద్ద కలిపి, "నా మనవడు ఏడే కుందమా? అన్నం చల్లారిపోతోంది" అని అడిగింది. పెరట్లో బొంగరం తిప్పుతున్న ఎనిమిదేళ్ల గుండయ కళ్లముందే గాలిలోకి లేచి, గోడ మీదుగా కోట వాకిలి వైపు కొట్టుకుపోయాడు. బొంగరం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అక్క కుందమ పరుగెత్తుకుంటూ వలదగ్గరికి వెళ్లేసరికి అక్కడ గుండయ ఒక్కడే లేడు. ఎవరి పెళ్లామో "మొగుడు" అన్నదట, ఆయన వచ్చి పడ్డాడు. ఎవరో "మేనల్లుడు" అన్నారు, ఎవరో "మిత్రుడు" అన్నారు. నిమిషానికొకరు ఈగల్లా వచ్చి అంటుకుంటున్నారు. గాభరాపడిన మంత్రి రాజుగారికి విన్నవిస్తూ, "తమవంటి మహానుభావుడు ఉండగా మాకు భయమేమిటి ప్రభూ!" అన్నాడు. సింహాసనం ఖాళీ అయిపోయింది.

ఆడవాళ్లకూ రక్షణ లేకపోయింది. పక్కింటి పాప "మా అమ్మ ఎక్కడికెళ్లింది ఇప్పుడు?" అని అడగగానే బిందెతో వస్తున్న వాళ్లమ్మ బిందె వదిలేసి ఎగిరిపోయింది. మా దగ్గర మొదలై ఇప్పుడు దగ్గర ముగిసిన ఆ మాట మొత్తం వలకు ఒకే పేరులా తోచింది మరి.

కొమ్మన ఆకును పీకి చింపేశాడు. లాభం లేకపోయింది. అక్షరాలు అప్పటికే వల దారాల్లోకి ఇంకిపోయాయి. కొత్త రాత కట్టే వరకు పాత రాత చెరగదు. మిగిలిన రాత ఒక్కటే.

రెండు రోజుల్లో కేతవరం మూగబోయింది. తల్లులు పిల్లలను పిలవడం మానేశారు. సైగలతో వంటలు, సైగలతో బేరాలు. రాణిగారు కొమ్మనను కోట దాటి వెళ్లకూడదని కట్టడి చేసి, రెండో ఆకు ఎవరు రాయాలో తేల్చుకోలేక కూర్చున్నారు.

వల అంచున దారంతోనే అల్లిన మూడు మాటలు కుందమ కంటపడ్డాయి. 'నీలిమడుగు ముత్తవ్వ అల్లిక.' ఆ పిల్లకు పధ్నాలుగేళ్లు. తండ్రి దగ్గర కూర్చుని ఘంటంతో ఆకుల మీద రాయడం నేర్చుకుంది. ఆమె తండ్రి దగ్గరకు వెళ్లి, గొంతు తగ్గించి చెప్పింది. "నాన్నా, ఉత్తరపు అడవి అవతల ఉన్న నీలిమడుగు వెళ్తాను. తక్కిన గుర్తులు అడిగి వస్తాను."

 కొమ్మన తన ఘంటం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నా చేత్తోనే పోగొట్టుకున్నాను తల్లీ, వాణ్ణి" అన్నాడు.

ఉత్తరపు అడవిలో ఒకరోజు నడిచాక కుందమకు దారికి అడ్డంగా ఒక కొండచిలువ కనిపించింది. దాని పొట్ట ఊరంత ఉబ్బి ఉంది. లోపలి నుంచి ఎద్దుబండి గంటలు వినిపిస్తున్నాయి.

"దగ్గరికి రాకు తల్లీ," అని మూలిగింది కొండచిలువ. "ఇది ఆకలి కాదు, ఆబ. ఈ నల్లరాయి దగ్గర మొదలుపెట్టి తెల్లరాయి దాకా ఏది ఉంటే అది మింగాలని నా తలరాత. నల్లరాయికీ ఆ మొదటి తెల్లరాయికీ మధ్య రాలే పండ్లు నా కడుపుకు చాలు. కానీ దారి పొడుగునా తెల్లరాళ్లే! కట్టకడపటి తెల్లరాయి దాకా పోతే గాని నా నోరు ఆగదు."

దాని మెడలో రాగిరేకు ఉంది. కుందమ దాన్ని తుడిచి చదివింది. నల్లరాయి, చుక్క, పువ్వు, తెల్లరాయి అని ఉంది. తండ్రి రాసిన రాత లాంటిదే. గుండయను లాక్కుపోయిన ఆబ కూడా ఇదే.

"పువ్వు పక్కన ఏదో అరిగిపోయినట్టుందే?" అని అడిగింది.

"అక్కడ కొక్కెం లాంటి గీత ఉండేది. బండకు ఒళ్లు రుద్దుకున్నప్పుడు చెరిగిపోయింది. అప్పటి నుంచే ఈ బాధ."

కుందమ ఆలోచించింది. మొదటి తెల్లరాయి దగ్గర ఆగినా తలరాత నెరవేరినట్టే, చివరిదాని దగ్గర ఆగినా నెరవేరినట్టే. పువ్వు పొడుగైనదాన్నే ఎంచుకుంటోంది. అయితే కొక్కెం దాని మెడ పట్టి వెనక్కి లాగి, మొదట దొరికిన చోటనే ఆపుతుందన్నమాట. ఆమె ఘంటం తీసి పువ్వు పక్కన కొక్కెం చెక్కింది.

"చెక్కినవాళ్లే రుజువు చూపాలి," అంది కొండచిలువ బాధగా. "నువ్వు రెండో తెల్లరాయి దగ్గర నిలబడాలి. రాత తప్పితే నువ్వు కూడా లోపలికే."

కుందమ వెళ్లి రెండో తెల్లరాయి పక్కన నిలబడింది. రాయిని గట్టిగా పట్టుకుంది. కొండచిలువ నోరు తెరిచి నల్లరాయి దగ్గర మొదలుపెట్టింది. పండ్లు, ఆకులు, మట్టిగడ్డలు అన్నీ దాని గొంతులోకి పోయాయి. మొదటి తెల్లరాయి చేరగానే నోరు టక్కున మూసుకుంది.

కొండచిలువ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుతోపాటే ఎద్దులు, బండి, బండివాడు బయటపడ్డారు. బండివాడు జరిగింది అర్థంకాక ఎద్దుల్ని అదిలించి ఇంటిదారి పట్టాడు. కొండచిలువ కుందమను వీపున ఎక్కించుకుని లోయ దాటించింది.

లోయ అవతల ఒక గుహ. గుహ ముందు రాతి తలలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నీ శిల్పాల తలలు. ఆ గుట్ట మీద కూర్చుని ఒక రాక్షసి ఏడుస్తోంది, ఆమె ఒళ్లో చంటిబిడ్డ అంతకంటే గట్టిగా ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?" అని అడిగింది కుందమ, పారిపోవడానికి సిద్ధంగా ఒక కాలు వెనక్కి పెట్టి.

"ఏమని చెప్పను! నా బిడ్డ నిద్రపోయి నెలరోజులైంది," అంది రాక్షసి. "ఈ గుహగోడ మీద ఏ మాట రాస్తే అది వస్తుంది. బిడ్డకు జోకొట్టడానికి అల చప్పుడు కావాలి, నిద్రలో చూసుకోవడానికి కల కావాలి. రెండూ ఒకేసారి రావాలని చుక్క పెట్టి పక్కన ల రాశాను. అల వచ్చింది, కల వచ్చింది. వాటితో పాటు తల వచ్చిపడింది! దేశంలో ఉన్న బొమ్మల తలలన్నీ దొర్లుకుంటూ వచ్చి ఢాంఢామ్మని పడుతుంటే బిడ్డ ఎలా పడుకుంటుంది? చెరిపేస్తే కల పోతుంది."

కుందమ గోడ చూసింది. చుక్క చెరిపి అ, క రెండూ రాసి పక్కన ల ఉంచింది. తలలు రావడం ఆగింది. కానీ అల రాలేదు, కల రాలేదు. అకల అనే వస్తువు లోకంలో ఉంటే కదా రావడానికి!

"నీకూ చేతకాదు," అంది రాక్షసి. ఆమె గోళ్లు బయటికి వచ్చాయి.

"ఒక్క నిమిషం ఉండమ్మా. పూర్వపు గీతలేమైనా ఉన్నాయా ఇక్కడ?"

గుహ లోపలి గోడ మీద మసిబారిన ఒక బొమ్మ చూపించింది రాక్షసి. ఒక పెట్టె, అందులో నాలుగైదు అక్షరాలు. కుందమ దాని ముందు చతికిలపడి కూర్చుంది. వరుసగా రాస్తే అక్షరాలన్నీ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. పెట్టెలో వేస్తే? ఒకేచోటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఒకసారికి ఒకటే బయటికి రావాలి. పెట్టెలో లేనిదానికి అసలు చోటే లేదు.

ఆమె వెళ్లి అ, క చుట్టూ పెట్టె గీసింది. ఎక్కడి నుంచో సముద్రపు అల చప్పుడు మెల్లగా గుహలో నిండింది. బిడ్డ ఆవులించింది. కాసేపటికి నిద్రలోనే నవ్వింది. కల వచ్చినట్టుంది.

రాక్షసి గోళ్లు లోపలికి వెళ్లాయి. "నీలిమడుగు ఆ గుట్ట వెనకే," అంది గుసగుసగా. "కొంచెం చప్పుడు చెయ్యకుండా వెళ్లు."

నీలిమడుగు ఒడ్డున ఒక ముసలవ్వ కాళ్లు చాపుకుని వల అల్లుతోంది. కుందమ దండం పెట్టి, జరిగినదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, "మా నాన్న తప్పు చేశాడవ్వా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా వల తప్పు చేయలేదు. మీ నాన్న రాసినదాన్ని అది అక్షరం పొల్లుపోకుండా చేసింది," అంది ముత్తవ్వ. "మీ నాన్న చెడు రాయలేదు. తన మనసులో ఉన్నదే ఆకు మీద ఉందనుకున్నాడు. ఆకు మీద ఉన్నది దానికంటే చాలా పెద్దది. రాసేవాళ్లందరికీ వచ్చే చిక్కే ఇది. సరే, ఆ మాయావి సంగతి విను. వాడు నా శిష్యుడు."

కుందమ ఉలిక్కిపడింది.

"వాడికి మూడు విద్యలు నేర్పాను. ఏ రూపమైనా ధరించడం, ఎక్కడైనా చరించడం, ఏ మాయనైనా చేయడం. పేరుకు ఐదక్షరాలిచ్చి, మొదటిది నా పేరు నుంచి మ గుణింతంలోదే ఉండాలన్నాను. ఆ పేరు ఉన్నదున్నట్టు పలికితేనే విద్య పనిచేస్తుంది. ఎక్కడ ఆగాలో నాలుగో విద్యగా నేర్పుదామనుకున్నాను. అది నేర్చుకోకుండానే వెళ్లిపోయాడు. విద్య ఇచ్చిన నోటితో వాణ్ణి పట్టమని చెప్పలేను. రాయాల్సింది నువ్వే. ఇసుకలో రాసి చూపించు."

కుందమ మ రాసి, రెండు చుక్కలు పెట్టి, రుడు అని రాసింది. "ఐదక్షరాలు. పువ్వు అక్కర్లేదు కదవ్వా? ఎన్నో తెలిసినప్పుడు లెక్కగా చుక్కలు పెడితే చాలు."

ముత్తవ్వ నవ్వింది. "మీ ఊరి వైద్యుడి పేరేమిటన్నావు?"

"అమృతకరుడు. ఆయన కూడా వలలోనే ఉన్నాడు."

"ఆ పేరు మెల్లగా పలుకు."

కుందమ పలికింది. అ, మృ, త, క, రు, డు. రెండో అక్షరం దగ్గరే ఆగిపోయింది. మృ నుంచి లెక్కపెడితే సరిగ్గా ఐదు! పేరు కడుపులో ఇంకో పేరు దాక్కుని ఉంది. తన రాత కూడా వైద్యుణ్ణి పట్టేదే.

"అందుకే ముందు గొడుగు వేయాలి," అంటూ అవ్వ మ కు ముందు చిన్న గొడుగు గీసింది. "మాట ఈ గొడుగు కిందే మొదలవ్వాలి, దానికి ముందు ఏమీ ఉండకూడదు. చివర ఈ పామును చుట్టు. మాట ఇక్కడే ముగియాలి, ఇంకే తోకా తగలకూడదు. ఇక నా దగ్గర చెప్పడానికేమీ లేదు. రాసినదాన్ని పట్టాల్సినవాళ్ల మీద పెట్టి చూశావు. పట్టకూడనివాళ్ల మీద పెట్టి చూడు."

కుందమ కేతవరం తిరిగి వచ్చేసరికి ఏడో బావి కూడా పోతుందేమోనని ఊరంతా దాని చుట్టూ కాపలా కాస్తోంది. మంత్రి ఆత్రంగా ఎదురొచ్చాడు. "పాపా, ఎవరికీ సరిపోని పిచ్చిరాత ఏదో ఒకటి కట్టెయ్యి. మనవాళ్లంతా బయటపడతారు."

"బయటపడి ఏం తాగుతారండీ?" అంది కుందమ. "ఉన్నది ఒక్క రాత. అది అందరినీ వదలాలి, అతణ్ణి పట్టాలి."

రాణిగారు ఆమె మాటే ఖాయం చేశారు. వలలో చిక్కినవారి జాబితా తెమ్మంది కుందమ. మూడు వందల పన్నెండు పేర్లు. కోటలోపల చదివితే వల వింటుంది గనుక రాణిగారి అనుమతితో తండ్రీ కూతుళ్లు కోట బయట మైదానంలోకి వెళ్లి కూర్చున్నారు. కొమ్మన ఒక్కొక్క పేరూ చదువుతుంటే కుందమ తన రాతకు పక్కన పెట్టి చూసింది. మల్లినాథుడు, సరిపోడు. మార్తాండుడు, సరిపోడు. అమృతకరుడు, గొడుగు అడ్డుపడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. కొమ్మన గొంతు బొంగురుపోయింది.

రెండు వందల అరవయ్యో పేరు దగ్గర కొమ్మన ఆగాడు. "మనోహరుడు. గుడి గంట కొట్టేవాడు."

కుందమ వేళ్లు మడిచింది. మ, నో, హ, రు, డు. ఐదు. ముందేమీ లేదు, వెనకేమీ లేదు.

"ఒక్కడే కదమ్మా..." అని మొదలుపెట్టిన కొమ్మన తన మాటకు తానే సిగ్గుపడి తల దించుకున్నాడు.

"ఆయనకూ ఇంట్లో ఎవరో అన్నం కలిపి పెట్టుకుని కూర్చుని ఉంటారు నాన్నా," అంది కుందమ.

ఇద్దరూ ఆ పేరునే చూస్తూ కూర్చున్నారు. మాయావి ఆరు పేర్లనూ కొమ్మన దాని కిందే రాశాడు. మూడో అక్షరం దగ్గర ధ, చ, క, ధ, క, చ. మళ్లీ మళ్లీ అవే మూడు. కుందమకు ముత్తవ్వ మాటలు స్ఫురించాయి. ధరించడం, చరించడం, చేయడం. ధరుడు, చరుడు, కరుడు! వాడుతున్న విద్యే అతని పేరు చివర కూర్చుంటోంది, నేర్చినవి మూడే విద్యలు. ఏడోసారి వచ్చినా, డెబ్బయ్యోసారి వచ్చినా అతని పేరు ఈ మూడింటిని దాటిపోలేదు. హరించే విద్య అవ్వ నేర్పనే లేదు.

ఆమె రెండో చుక్క చెరిపి, అక్కడ పెట్టె గీసి ధ, చ, క అక్షరాలను అందులో కూర్చోబెట్టింది. కొమ్మన మళ్లీ మొదటి పేరు నుంచి చివరి పేరు వరకు చదివాడు. ఒక్కటీ సరిపోలేదు. మాయావి పేర్లు ఆరూ సరిపోయాయి.

"నువ్వే రాయి నాన్నా," అంటూ ఘంటం ఇచ్చింది కుందమ. "నీ అక్షరం నాకంటే గుండ్రంగా ఉంటుంది."

కొమ్మన ఘంటం అందుకుని గొడుగు నుంచి పాము దాకా రాశాడు.

కొత్త ఆకు కట్టగానే వల ఒక్కసారి విదిలించుకుంది. మనుషులు పండ్లు రాలినట్టు రాలారు. రాజుగారు మంత్రి మీద పడ్డారు. గంట కొట్టే మనోహరుడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. గుండయ అక్కను కావలించుకుని, "ఆకలేస్తోంది" అన్నాడు.

ఆ సంబరం సద్దుమణగకముందే ఏడో బావి గట్టు మీద కాషాయబట్టల సన్యాసి ఒకడు కనిపించాడు. చేతిలో కమండలం ఉంది. రాజుగారు భటులను ఆపి కుందమ వైపు చూశారు. ఆమె ముందుకు వెళ్లి, "తమరెవరు స్వామీ?" అని అడిగింది.

సన్యాసి వాకిట వేలాడుతున్న వలను ఓరగా చూసి నవ్వాడు. "నేను మంత్రధరుణ్ణి" అన్నాడు.

వల కదలలేదు. జనం ఉసూరుమన్నారు. ణ్ణి అని ముగిసింది కదా మాట, పాము ఒప్పుకోలేదు. సన్యాసి కమండలం వంచాడు.

కుందమ మాత్రం బావిలోకి చూస్తోంది. "నీరు కూడా కదలలేదు స్వామీ," అంది. "పేరు ఉన్నదున్నట్టు చెబితేనే కదా మీ విద్య పనిచేసేది!"

సన్యాసి ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగితే భటులు, ముందు నిండుబావి. నీరు తళతళ మెరుస్తోంది. అతను దాన్ని చూశాడు, వలను చూశాడు, మళ్లీ నీటినే చూశాడు. ఆబ గెలిచింది. వలకంటే నీరే ముందు కదులుతుందనుకున్నాడో ఏమో, "మంత్రధరుడు!" అని అరిచాడు.

వల గాలిపటంలా ఎగిరి వచ్చి అతణ్ణి చుట్టేసింది. కమండలం దొర్లింది. ఆరు బావుల నీరు వీధుల వెంట ఉరికి ఏ బావిది ఆ బావిలోకి చేరుకుంది. వలలో మిగిలినవాడు మాయావి కాదు, భయపడుతున్న ఒక నడివయసు మనిషి. అతనికి శిక్ష ఏమిటని రాజుగారు అడిగితే, "ముత్తవ్వ దగ్గరికి పంపండి. ఆమె ఇంకా ఒక విద్య నేర్పాల్సి ఉంది" అంది కుందమ. వలతో సహా అలాగే పంపారు.

కుందమ తండ్రితో పాటు ఆస్థాన లేఖకురాలైంది. పెద్దయ్యాక ఆ రాజ్యంలో ఆమె ముద్ర లేకుండా ఏ శాసనమూ వెలువడేది కాదు.

ముద్ర ఆమె చేతికొచ్చిన మొదటి ఏడే రాజుగారు ఒక ఆజ్ఞ రాయించారు. సంతలో కర్రలతో కొట్లాటలు ఎక్కువయ్యాయి, కాబట్టి కర్ర పట్టుకున్నవారెవరూ సంతలోకి రాకూడదని. కుందమ దాన్ని చదివి, ముద్ర వేయకుండా పక్కన పెట్టింది.

"ఏం, తప్పేముంది?" అన్నారు రాజుగారు.

"ముసలివాళ్లు చేతికర్రతో వస్తారు ప్రభూ. గొర్రెలకాపరులు వస్తారు. కావడి మోసేవాళ్లు వస్తారు. కళ్లు కనిపించని పురోహితుడు వారం వారం బెల్లం కొనుక్కుంటాడు."

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "మరి కొట్లాటకు వచ్చేవాళ్లను మాత్రమే ఆపాలంటే ఎలా రాయాలి?"

"అది కొంచెం కష్టమే," అంది కుందమ, ఇంకో చాప తెచ్చి పరుస్తూ. "కూర్చోండి ప్రభూ, ఆలోచిద్దాం."

రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టి కూర్చున్నారు.